ఇంటిని చక్కబెట్టుకొనుట

ధ్యానభాగము: యెషయా 38:1–5



హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియుండగా యెషయా ప్రవక్త వచ్చి, ఇంటి సంగతులు సరిచేసికొమ్మని దేవుని మాట తెలియజేసెను. రాజు గోడతట్టు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు అతని ఆయుష్షునకు 15 సంవత్సరములు కలిపెను. వీలునామా వ్రాసినయెడల చావు త్వరగా వచ్చునని మన పల్లెలలో భయపడువారు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక. ఇల్లు చక్కబెట్టుకొనుమను మాట విన్న రాజు ఆ మాటవలన చావలేదు.

ఇందునుగూర్చి మా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపెద్ద ఒకరు జబ్బుపడి మాకు కబురు పంపిరి. "అయ్యగారూ, నా మూడెకరముల సంగతి కాగితము మీద పెట్టించవలెనని యున్నది. ముసలిది దిక్కులేనిదగునేమో," అనిరి. మేము, "ముందు మీరు స్వస్థపడుడి, తరువాత చూచుకొందము," అని ప్రార్థన చేసి వచ్చితిమి. అది విశ్వాసమని తలంచితిమి, గాని కష్టమైన మాటను తప్పించుకొంటిమి. పది దినములలో ఆయన ప్రభువునొద్దకు వెళ్లిరి. సమాధి మన్ను ఆరకముందే కుమారులిద్దరును పొలము పంచుకొని తల్లిచేత వేలిముద్ర వేయించిరి. కుమార్తెకు కబురైనను పోలేదు. నేడు ఆ తల్లి నెలకొక కుమారుని యింట వంతు భోజనము చేయుచున్నది. ఆ అన్నదమ్ములు ప్రభువు బల్లయొద్దకు కలిసి వచ్చుట లేదు.

వీలునామా లేకుండ చనిపోయిన క్రైస్తవుని ఆస్తి ఎవరికి చెందవలెనో 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టము చెప్పుచున్నది. భార్యయు పిల్లలును ఉన్నయెడల భార్యకు మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా చెందును. కుమారుడని ఎక్కువ లేదు, కుమార్తెయని తక్కువ లేదు. మూడెకరములు, భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నయెడల తలకొక యెకరము వచ్చును. పెండ్లిలో కట్నమిచ్చితిమి గనుక ఆమె భాగము తీరిపోయెనను మాట ఈ చట్టములో నిలువదు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యము అడిగినప్పుడు, వారు న్యాయముగానే అడిగిరని దేవుడు సెలవియ్యలేదా? (సంఖ్యా. 27)

వేరు విధముగా ఇయ్యదలచినవారు వీలునామా వ్రాయవలెను. నోటిమాట చాలదు. మంచి తెలివిలో నున్నప్పుడే వ్రాయించి, సంతకమో వేలిముద్రయో వేసి, ఇద్దరు సాక్షులచేత సంతకము చేయించవలెను. ఆస్తిలో ఏదైన పొందబోవువాడుగాని, వాని భార్యగాని సాక్షిగా ఉండరాదు. ఉన్నయెడల వానికి వ్రాసినది చెల్లదు. స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, గాని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించినయెడల తగవులు తగ్గును. బ్రదికియున్నంతకాలము దానిని మార్చవచ్చును. వీలునామా వ్రాసిన తరువాత వివాహము చేసికొన్నవారు మరల వ్రాయవలెను, పాతది రద్దగును. బ్యాంకులో నామినీగా పేరున్నంతమాత్రమున ఆ సొమ్ము వారిదైపోదు. వారు తీసికొని వారసులకు అప్పగించవలసినవారు. ప్రభుత్వమిచ్చిన పట్టా భూములకు వేరు నిబంధనలున్నవి గనుక ముందుగా తహశీల్దారు కార్యాలయములో విచారించుడి.

సంఘమునకు వ్రాయవచ్చునా అని కొందరడుగుదురు. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యములకు ఆస్తి వ్రాయుటకు అడ్డుగా నుండిన 118వ సెక్షనును 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. గనుక వ్రాయవచ్చును. అయితే కొర్బాను అని పేరుపెట్టి తలిదండ్రులను పస్తుంచినవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7). సంఘమునకు ఎకరమిచ్చి భార్యను ఆకలికి విడుచువాని కానుకను మేము సంతోషముతో అందుకొనలేము.

సహోదరుని స్వాస్థ్యము పంచిపెట్టుమని ఒకడు అడిగినప్పుడు ప్రభువు పంపిణీదారుడగుటకు ఒప్పుకొనక, లోభమునుగూర్చి హెచ్చరించెను (లూకా 12). మేమును పంచువారము కాము. ఎవరికెంత అనునది మీ మనస్సాక్షికి సంబంధించినది. అయితే సిలువమీద వ్రేలాడుచు, ఊపిరాడని వేదనలో, ఆ ప్రభువే తన తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించెను (యోహాను 19). తనకు ఎకరము భూమియు లేదు, కట్టుకొన్న వస్త్రములను సైనికులు పంచుకొనిరి. అయినను తల్లికి చోటు ఏర్పరచకుండ ఆయన కన్ను మూయలేదు.

గనుక సోదరులారా, ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత దీపము ఆర్పకుడి. పాసుపుస్తకము తెచ్చి మధ్యను పెట్టుడి. భార్యను కూర్చుండబెట్టుడి, అత్తవారింటనున్న కుమార్తెను పిలిపించుడి. మీరు ఆరోగ్యముగా నున్నప్పుడే, అందరు వినుచుండగా మాటలాడుడి. మమ్మును పిలిచినయెడల వచ్చెదము. ఈసారి, తరువాత చూచుకొందమని చెప్పము.

మన యిండ్లలో సమాధానము నిలుచునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.