ఫార్మాట్ అనే ముందు

కోడలు పిల్లా,

కంప్యూటర్ సర్వీస్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పని నీకు బాగా వచ్చు. విండోస్ వేయడం, ర్యామ్ మార్చడం, ప్రింటర్ కలపడం నేను నేర్పక్కర్లేదు. చెప్పాలనుకున్నది ఒక్కటే. "ఆన్ కావట్లేదమ్మా" అంటూ నీ టేబుల్ మీద పెట్టే ప్రతి సిస్టమ్‌లోనూ ఎవరిదో ఏళ్ల కష్టం ఉంటుంది. బూటబుల్ పెన్‌డ్రైవ్ పెట్టి కాసేపట్లో కొత్త విండోస్ ఎక్కించేయొచ్చు. అంత తేలిక కాబట్టే చాలామంది ముందు ఆ పనే చేస్తారు. నువ్వు దాన్ని ఆఖరుకు పెట్టుకో తల్లీ. ముందు మనిషిని అడుగు, మెషీన్‌ని చూడు, ఫైళ్లు బయటికి తియ్యి. ఫార్మాట్ మాట ఆ తర్వాత.

"ఆన్ కావట్లేదు" అన్న ఒక్క మాట కింద వేర్వేరు రోగాలు ఉంటాయి. లైటే వెలగలేదంటే అది కరెంటు సంగతి: డెస్క్‌టాప్ అయితే ఎస్‌ఎంపీఎస్, ల్యాప్‌టాప్ అయితే అడాప్టర్. ఫ్యాన్ తిరిగి డిస్‌ప్లే రాకపోతే ముందు ర్యామ్‌ని అనుమానించు. కంపెనీ లోగో వచ్చి "నో బూటబుల్ డివైస్" అని ఆగితే డిస్కు కనపడటం లేదన్నమాట, లేదా అందులోని బూట్ ఫైళ్లు చెడ్డాయన్నమాట. విండోస్ చుక్కలు గుండ్రంగా తిరిగి బ్లూ స్క్రీన్ పడితే డ్రైవరో అప్‌డేటో డిస్కో. పెన్‌డ్రైవ్‌కి పని ఉన్నది చివరి రెండిటిలోనే. మొదటి రెండిటికీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చుంటే పొద్దుపోవడం తప్ప ఏమీ జరగదు.

ల్యాప్‌టాప్ చచ్చినట్టు పడి ఉంటే అడాప్టర్ తీసేసి, బ్యాటరీ ఊడదీసే రకమైతే అదీ తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకో. మిగిలిన కరెంటు పోయి లేచేవి చాలా ఉన్నాయి. డెస్క్‌టాప్‌లో ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండువైపులా క్లిప్పు పడేదాకా నొక్కి పెట్టు. రెండు స్టిక్కులు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్‌ని మాత్రం మరిచిపోకు. మూడు వోల్టుల చిన్న బిళ్ల అది. పాత బోర్డులో అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, తేదీ వెనక్కి పోతుంది. డిస్కు మోడ్ మారిపోయి విండోస్ లేవదు, లేచినా వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పంటాయి. పాతిక ముప్పై రూపాయల సెల్ మారిస్తే పోయేదానికి విండోస్ మళ్లీ వేసి డబ్బు తీసుకోవడం మనకు పనికిరాదు.

హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే వెంటనే ఆపెయ్. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనిపిస్తుంది, చేయకు. లోపల హెడ్డు ప్లేటును గీరుతూ ఉండొచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ తిరిగి రాబట్టగలిగింది ఇంకాస్త పోతుంది. డేటా రికవరీ చేసే ల్యాబుకు పంపమని, ఖర్చు ఎక్కువే అవుతుందని మొహమాటపడకుండా చెప్పెయ్.

ఇక పెన్‌డ్రైవ్ గురించి. ఐఎస్‌ఓ ఫైలును మామూలుగా కాపీ చేస్తే అది బూట్ కాదని నీకు తెలుసు. ఎందుకు కాదో కూడా తెలిస్తే, లేవనప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇప్పటి యూఈఎఫ్‌ఐ మెషీన్లు పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్32 పార్టిషన్ వెతికి, అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్ కింద బూట్ ఫోల్డర్‌లో నిర్ణీతమైన పేరున్న ఫైలును నడుపుతాయి. పాత బయోస్ మెషీన్లు డిస్కు మొట్టమొదటి సెక్టార్ చదువుతాయి. అందుకే ఒక సిస్టమ్‌లో లేచిన పెన్‌డ్రైవ్ ఇంకోదానిలో లేవదు. బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసే రూఫస్ ప్రోగ్రామ్ జీపీటీనా ఎంబీఆరా అని అడిగేది ఇందుకే. ఫ్యాట్32లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. విండోస్ ఐఎస్‌ఓలోని ఇన్‌స్టాల్ ఫైలు ఇప్పుడు ఆ హద్దు దాటిపోతోంది. రూఫస్ అప్పుడు పెద్ద భాగాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా చేసి, పక్కన బూట్ కోసం చిన్న భాగం పెడుతుంది. పీట్ బటార్డ్ అనే ఆయన 2011 నుంచి రూఫస్‌ని ఉచితంగా ఇస్తున్నాడు, ఆయన సొంత సైట్ నుంచే దించుకో. చాలా ఐఎస్‌ఓలు ఒకే పెన్‌డ్రైవ్‌లో కావాలంటే వెంటాయ్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌కి 8 జీబీ చాలు, నువ్వు 16 జీబీది కొను. రూఫస్ నడిపేటప్పుడు కస్టమర్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఏదీ తగిలించి ఉండకూడదు. డ్రైవు పేరు ఒక్కటి తప్పు ఎంచావంటే వాళ్ల పెళ్లి ఫొటోలన్నీ పోతాయి.

"లైట్" అనీ "గేమింగ్ ఎడిషన్" అనీ దొరికే విండోస్‌లు నీ షాపు గడప తొక్కకూడదు. క్రాక్ యాక్టివేటర్లూ అంతే. ఆ సిస్టమ్‌లోనే మనిషి బ్యాంకు పాస్‌వర్డు కొడతాడు. అందులో ఎవడు ఏం దాచాడో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నిజానికి వాటి అవసరమే తక్కువ. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లకు, విండోస్ 8 కాలం నుంచి, కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్న చోట ప్రో వేసి, యాక్టివేట్ కావట్లేదని క్రాక్ వెతకడం మన చేతులారా తెచ్చుకునే తిప్పలు.

విండోస్ పెన్‌డ్రైవ్ ఎంత ముఖ్యమో ఉబుంటుదో మింట్‌దో లైవ్ పెన్‌డ్రైవ్ అంత ముఖ్యం. నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" అని నొక్కితే డిస్కు జోలికి పోకుండా లేస్తుంది. కస్టమర్ డిస్కు తెరిచి ఫైళ్లన్నీ వేరే డ్రైవులోకి తీసుకోవచ్చు. ఉబుంటు అయితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే లేస్తుంది. పైగా అది హాయిగా నడుస్తోందంటే బోర్డూ ర్యామూ దాదాపు బాగున్నట్టే, రోగం డిస్కులోనో విండోస్‌లోనో ఉందని తేలిపోతుంది. ర్యామ్ మీద అనుమానం మిగిలితే మెమ్‌టెస్ట్ వేసి రాత్రంతా వదిలెయ్.

ఫైళ్లు తీయడం అంటే డెస్క్‌టాపూ డాక్యుమెంట్సూ కాపీ చేయడం కాదమ్మా. మనుషులు పోగొట్టుకునేది ఇక్కడే. "నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి" అని కస్టమర్ నమ్మకంగా చెబుతాడు. డెస్క్‌టాప్ మీదున్నదంతా సి డ్రైవ్‌లోనే ఉంటుందని అతనికి తెలియదు. కాబట్టి ఏం పని చేస్తారని అడుగు. ఎరువుల కొట్టాయనైతే టాలీ ఉంటుంది. దాని డేటా చాలాసార్లు సి డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద, అంకెల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటుంది. చూసినవాళ్లకు అది చెత్తలా కనిపిస్తుంది. మార్చి నెలలో అది పోయిందంటే ఆ మనిషి గతేమిటో ఆలోచించు. డీటీపీ సెంటర్ ఆమె అయితే పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు అనూ ఫాంట్లు కూడా తీసుకోవాలి. ఫాంటు లేకపోతే పెళ్లి శుభలేఖ తెరిచినప్పుడు అర్థం లేని గుర్తులు వస్తాయి. ఆఫీసు గుమస్తా అయితే అవుట్‌లుక్ మెయిళ్ల ఫైలు. ఫొటో స్టూడియో అయితే ఇంకా డెలివరీ ఇవ్వని ఆల్బమ్‌లు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డుల సంగతి మాత్రం ఫైళ్లు కాపీ చేస్తే తీరదు. వాటికి గూగుల్ అకౌంట్ సింక్ ఉందో లేదో ముందే అడుగు. కాపీ అయ్యాక కస్టమర్‌ని కూర్చోబెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూపించు. అతను "ఆఁ, అన్నీ ఉన్నాయి" అన్నాకే మిగతా పని.

ఈ కాలంలో నాకు అన్నిటికంటే భయం వేసేది బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్ కొని, విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు డిస్కు మొత్తం చెప్పకుండానే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. హోమ్ ఎడిషన్‌లో దాన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. సొంతదారుకు ఆ విషయమే తెలియదు. ఇక నువ్వు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆఫ్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా, తర్వాత ఆన్ చేయగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఆ డేటా తీయడం నీ వల్లా కాదు, ఏ ల్యాబు వల్లా కాదు. ఆ కీ చాలామందికి వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడొచ్చు. కాలేజీదో కంపెనీదో ల్యాప్‌టాప్ అయితే వాళ్ల ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. కాబట్టి బయోస్‌లో వేలు పెట్టే ముందే కీ అడిగి పక్కన పెట్టుకో. విండోస్ ఇంకా లేస్తుంటే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, ఆ తర్వాత పని మొదలుపెట్టు.

2024 జులై 19న జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. భద్రతా సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల తప్పుడు అప్‌డేట్ ఒకటి వెళ్లి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు బ్లూ స్క్రీన్ పడి ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి విమానంలో కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసి ఇచ్చారు. దానికి మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు డిలీట్ చేయడం. మైక్రోసాఫ్ట్ అందుకోసం బూటబుల్ పెన్‌డ్రైవ్ టూల్ కూడా ఇచ్చింది. కానీ చాలా చోట్ల మనుషులు మెషీన్ల ముందు కూర్చుని, ఒక్కోదానికీ రికవరీ కీ వెతుక్కుంటూ రోజులు గడిపారు. ఆ రోజు తెలియక ఫార్మాట్ కొట్టినవాళ్లు ఒక్క ఫైలు కోసం అన్నీ పోగొట్టుకున్నట్టే కదా.

బ్లూ స్క్రీన్ అయినా బూట్ ఫైళ్లు చెడినా నీ విండోస్ పెన్‌డ్రైవ్‌లో "రిపేర్ యువర్ కంప్యూటర్" ఉంది. స్టార్టప్ రిపేర్ ఒకసారి నడుపు. నిన్ననే అప్‌డేట్ వచ్చిందంటే దాన్ని తీసేసే దారీ అక్కడే ఉంది. అదీ కాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్‌తో బూట్ ఫైళ్లు కొత్తగా రాయొచ్చు. అక్కడ డ్రైవు అక్షరాలు మారిపోతాయి, సి అనుకున్నది డి కావచ్చు, ముందు డిస్క్‌పార్ట్‌లో చూసుకో. డిస్కు ఆరోగ్యం చూడకుండా చెక్‌డిస్క్ మాత్రం వేయకు. చావబోయే డిస్కును అది ఇంకా నలిపేస్తుంది.

ఇన్‌స్టాల్ చేద్దామంటే డిస్కే కనిపించడం లేదా? ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే, డిస్కు పోయినట్టు కాదు. ఇంటెల్ వీఎండీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని "లోడ్ డ్రైవర్" నొక్కు. బయోస్‌లో రెయిడ్‌ని ఏహెచ్‌సీఐగా మారిస్తే కనిపిస్తుంది కానీ, లోపలున్న పాత విండోస్ ఆ తర్వాత బ్లూ స్క్రీన్ పడుతుంది.

బూట్ మెనూ కీలు నీకు నోటికి వచ్చేస్తాయి: డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, అసుస్ ల్యాప్‌టాప్‌కి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12ని ముందు బయోస్‌లో ఆన్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, రీస్టార్ట్ చేసి కీ నొక్కు. పెన్‌డ్రైవ్‌లను అప్పుడప్పుడూ కొత్తగా చేసుకుంటూ ఉండు. పాత బూట్ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ క్రమంగా రద్దు చేస్తోంది. నిరుడు లేచిన పెన్‌డ్రైవ్ సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో ఈ ఏడు లేవకపోవచ్చు.

నీ దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. భద్రతా అప్‌డేట్లు కావాలనుకునే, ఇంట్లో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబర్ దాకా ఇస్తామని ప్రకటించారు. "మా పాత సిస్టమ్‌కి 11 వేసిపెట్టండి" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవాటిని మైక్రోసాఫ్ట్ దాదాపుగా ఒప్పుకోదు, టీపీఎం 2.0 కూడా ఉండాలంటుంది. రూఫస్‌లో ఒక టిక్కు పెడితే ఆ తనిఖీ దాటి ఎక్కించొచ్చు. కోర్ 2 డ్యుయో లాంటి మరీ పాతవాటిలో అలా చేసినా ఇప్పటి 11 లేవదు. నెట్ చూసుకోవడానికీ పిల్లల చదువుకూ అయితే మింట్ వేసి చూపించు, ఎస్‌ఎస్‌డీ కూడా పెడితే సుఖంగా నడుస్తుంది. టాలీయో అనూయో కావాలంటే మింట్ పనికిరాదని ముందే చెప్పు. తనిఖీ దాటించి 11 వేసేట్టయితే, ముందు ముందు అప్‌డేట్ రాకపోవచ్చని కస్టమర్‌కి విడమరచి చెప్పి, ఒప్పుకుంటేనే వెయ్యి. ఆ మాట బిల్లు మీద కూడా రాసి ఇవ్వు.