మతసంస్థలకు ప్రభుత్వ సొమ్ము: బాకీ, మినహాయింపు, గ్రాంటు

ఒక మతాన్ని నమ్మని మనిషి కట్టిన పన్నుతో ఆ మతాన్ని పోషించవచ్చా? భారత రాజ్యాంగంలోని 27వ అధికరణం ఈ ప్రశ్నకు సంబంధించినదే. ఏ మతాన్నైనా, మతశాఖనైనా పెంపొందించడానికో నిర్వహించడానికో ప్రత్యేకించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని అది చెబుతుంది. ఈ రక్షణ పన్ను కట్టే వ్యక్తి అంతరాత్మకు ఉద్దేశించినది. అయితే ఖజానా నుంచి మతసంస్థలకు వెళ్లే ప్రతి రూపాయినీ ఈ అధికరణం నిషేధించలేదు. ఆ సొమ్ము వెళ్లే దారులు మూడు: పాత బాకీ తీర్చడం, రావలసిన పన్నును వదులుకోవడం, నేరుగా గ్రాంటు ఇవ్వడం. మూడింటి న్యాయం ఒకటి కాదు.

మొదటిది బాకీ. పూర్వం పాలకులు గుడులకు, మఠాలకు, మసీదులకు, దర్గాలకు భూములను ఇనాములుగా ఇచ్చి శిస్తు తగ్గించేవారు, కొన్నిచోట్ల పూర్తిగా మాఫీ చేసేవారు. తర్వాతి ప్రభుత్వాలు అలాంటి ఆస్తులను ఎన్నో కలిపేసుకున్నాయి. తిరువాన్కూరులో 19వ శతాబ్దం తొలినాళ్లలో, కల్నల్ మన్రో దివానుగా ఉన్నప్పుడు, వందలాది ఆలయాల ఆస్తులు సంస్థానం పరమయ్యాయి. ఆ చరిత్ర ఫలితమే 290ఎ అధికరణం. దాని ప్రకారం కేరళ ఏటా 46.50 లక్షల రూపాయలు, తమిళనాడు 13.50 లక్షల రూపాయలు దేవస్వం నిధులకు చెల్లించాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయాలకిచ్చిన తస్దీకు భత్యం కూడా ఇలా పోయిన భూములకు బదులుగా వచ్చినదే. తీసుకున్న ఆస్తికి పరిహారం చెల్లించడాన్ని మతపోషణ అనలేం.

రెండోది మినహాయింపు. పన్ను వదులుకోవడమూ ఇవ్వడం లాంటిదే, ఆ లోటును మిగతా పౌరులు భరించాలి కదా అని ఒక వాదం. భక్తులు తమ ఇష్టంతో ఇచ్చిన కానుక ఎవరి సొంత ఆదాయమూ కాదు, ప్రభుత్వం దాన్ని ముట్టుకోకపోవడం సాయం కిందికి రాదని మరో వాదం. 1961 ఆదాయపు పన్ను చట్టం ఈ రెండింటికీ నడుమ నడిచింది. రిజిస్టరైన ధార్మిక ట్రస్టుకు మినహాయింపు ఇచ్చింది కానీ సాధారణంగా ఆదాయంలో 85 శాతాన్ని ఆశయాలకే వినియోగించాలని, వ్యవస్థాపకులకు, వారి బంధువులకు లాభం చేరకూడదని షరతు పెట్టింది. పేరు తెలియని దాతల విరాళాలపై 30 శాతం పన్ను విధించినా, పూర్తిగా మతపరమైన ట్రస్టులను దాని నుంచి తప్పించారు. హుండీలో కానుక వేసే భక్తుడు పేరు రాసి వేయడు కదా.

దాత విషయంలో చట్టం మరింత జాగ్రత్తపడింది. దాని 80జి సెక్షన్ కేవలం మతకార్యానికిచ్చిన విరాళానికి పన్ను రాయితీ ఇవ్వలేదు. చరిత్ర, పురావస్తు, కళా ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రభుత్వం ప్రకటించిన గుడి, మసీదు, గురుద్వారా, చర్చి వంటివాటి మరమ్మతులకు ఇస్తే మాత్రం రాయితీ ఇచ్చింది. అక్కడ కాపాడేది అందరి వారసత్వాన్ని. జీఎస్టీలోనూ ఇలాంటి గీతే గీశారు. ప్రార్థనాస్థలాలు ఇచ్చే ప్రసాదానికి, మతపరమైన క్రతువులకు పన్ను లేదు. ఆవరణలోని కల్యాణమండపం అద్దె రోజుకు 10,000 రూపాయలకు చేరితే ఆ మినహాయింపు వర్తించదు. పూజను వదిలి వ్యాపారాన్ని పట్టుకోవడం ఇక్కడి సూత్రం.

మూడోది గ్రాంటు. అసలు చిక్కంతా దీనిలోనే ఉంది. హజ్ యాత్రికులకిచ్చే సబ్సిడీపై 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, వసూలైన మొత్తం పన్నులో గణనీయమైన భాగం ఒకే మతానికి వెచ్చిస్తే 27వ అధికరణాన్ని ఉల్లంఘించినట్టవుతుందని, స్వల్ప వ్యయం అలా కాదని తేల్చింది. 2012లో ఆ సబ్సిడీని పదేళ్లలో దశలవారీగా ఎత్తివేయాలని ఆదేశించింది. కేంద్రం 2018లోనే ఆపేసింది. తెలుగు రాష్ట్రాల్లో పేద ఆలయాలకు ధూపదీప నైవేద్య పథకం ఉంది, ఇమాములకు, మౌజన్లకు గౌరవ వేతనాలూ ఉన్నాయి. పుష్కరాలకు కట్టే ఘాట్లు, తాగునీరు, వైద్యశిబిరాల సంగతి వేరు. లక్షలమంది చేరేచోట ప్రాణాలు కాపాడటం ఏ ప్రభుత్వానికైనా విధి. 2002 గుజరాత్ అల్లర్లలో దెబ్బతిన్న ప్రార్థనాస్థలాల మరమ్మతులకు పరిహారమివ్వాలన్న హైకోర్టు ఆదేశాన్ని 2017లో సుప్రీంకోర్టు తోసిపుచ్చి, ఇళ్లకిచ్చిన సాయంతో సమానంగా 50,000 రూపాయల పరిమితి పెట్టిన రాష్ట్ర పథకాన్ని ఆమోదించింది.

సొమ్ము ఎదురుదారిలోనూ నడుస్తుంది. మద్రాసు హిందూ మత ధర్మాదాయ చట్టం మఠాల నుంచి రాబట్టిన కాంట్రిబ్యూషన్ రుసుము కాదు, పన్నేనని 1954 శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పి, ఆ పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదంది. దాని ఉద్దేశం మతధర్మాదాయాల సక్రమ నిర్వహణే కాబట్టి 27వ అధికరణం మాత్రం అడ్డురాదని తేల్చింది. ఆంధ్రప్రదేశ్ 1987 చట్టం కింద ఆదాయమున్న ఆలయాల నుంచి వచ్చే సర్వ శ్రేయోనిధి పాతబడిన గుడుల జీర్ణోద్ధరణకు ఉపయోగపడుతుంది. వక్ఫ్ సంస్థలు తమ బోర్డులకు 7 శాతం దాకా చెల్లించేవి, 2025 సవరణ దాన్ని 5 శాతానికి తగ్గించింది. ఒక మతం భక్తులిచ్చిన సొమ్ము ఆ మతసంస్థలకే తిరిగి చేరినప్పుడు అన్యమతస్థుడి అంతరాత్మకు ఇబ్బంది లేదు. ఆ నిధి ఇతర ప్రభుత్వ అవసరాలకు మళ్లితే మాత్రం దాత నమ్మకానికి ద్రోహం జరుగుతుంది.

27వ అధికరణం మాటల్లో ఒక ఖాళీ మిగిలే ఉంది. ప్రత్యేక పన్ను వేయకుండా సాధారణ ఖజానా నుంచే తీసి ఇస్తే అక్షరాలా ఉల్లంఘన కనిపించకపోవచ్చు. పన్ను కట్టే నాస్తికుడికి, అల్పసంఖ్యాక మతస్థుడికి మాత్రం రెండింటికీ తేడా ఉండదు. అందువల్ల ప్రతి గ్రాంటునూ మూడు ప్రశ్నలతో తూచాలి: అది లౌకిక అవసరం తీరుస్తున్నదా, అదే స్థితిలో ఉన్న అన్ని మతాలకూ అదే కొలత ఉందా, లెక్కలు పౌరులెవరైనా చూడగలరా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వచ్చినప్పుడే ఆ ఖర్చు న్యాయమైనది.