దెబ్బయు సంస్కారమును

కష్టములు మనుష్యుని శుద్ధిచేయునని ప్రవచనకారులు మొదలు పొరుగువారి దాక ఎంత తేలికగా చెప్పుదురో, వినవలసివచ్చిన ఆర్తునికి ఆ మాట అంత భారమై తోచును. దెబ్బకును సంస్కారమునకును గల సంబంధమెట్టిదో యోచించువారు గడియారపు లోహభాగముల తళుకు మాన్పు పనిని, కార్ఖానాలలో బ్లాస్టింగ్ అనుదానిని, ఒకమారు పరికింపవలెను.

ఇత్తడి పలకను మూతపెట్టెలో నిలిపి, సన్నని గాజుపూసలనో, వాడియంచుల అల్యూమినియం ఆక్సైడు రేణువులనో కంప్రెసర్ గాలితో దానిపై చిమ్ముదురు. 50 మైక్రానుల రేణువు వాడుకలో కలదు. అట్టివి 20 వరుసగా పేర్చిన ఒక మిల్లీమీటరు. లెక్కకందని ఆ సూక్ష్మాఘాతములచేత తళుకు మాసి, పడిన వెలుగు ఒక్క దిక్కునకే మరలక నలుదిక్కుల పరచుకొని, పలక మెత్తని కాంతితో నిలుచును. దెబ్బలే ఈ సొగసు తెచ్చినవని చూపరులు తలతురు. పనివాని తలపు వేరు. చమురు మిగిలిన పలకపై మరకలు తేలును. లోతైన గీతను ముందే సరిచేయనిచో ఎన్ని దెబ్బలకైనను మాయదు. అన్నిటికంటె ముఖ్యము, దేనికి దెబ్బ తగులరాదో ఎరుగుట. చక్రముల ఇరుసుమొనలు కెంపుల రంధ్రములలో తిరుగవలసినవి గనుక అద్దమువలె నునుపై యుండవలెను. వానిని ఆ పెట్టె దరికి రానీయరు. పలకలోని సున్నితమైన రంధ్రములను కప్పిన పిదపనే గాలి విడుతురు. పని ముగియగానే ఒక్క రేణువైన నిలువకుండ కడుగుదురు. ఆ సొగసంతయు కడిగి, కప్పి, కొలిచి కొట్టిన చేతిది.

ఆ ఎరుక లేని దెబ్బలకు సాక్ష్యము వేరొకచోట కలదు. అనకాపల్లి చెంత సంకరము గ్రామమున, ఏకశిలా స్తూపములు, గుహలు గల బొజ్జన్నకొండ యున్నది. ఆ బౌద్ధక్షేత్రమున బొజ్జవంటి ఒక శిలారూపమును రాక్షసుడని తలచి, ఇటీవలి కాలము దాక కనుమనాడు జనులు రాళ్ళు రువ్వెడివారు. వారసత్వ సంరక్షణ సంస్థయైన ఇన్‌టాక్ వారి ప్రయత్నమున ఆ ఆచారము ఆగిపోయినది. తరతరములు పడిన ఆ రాళ్ళలో ఒక్కటియు ఆ శిలకు సొగసు చేకూర్చలేదు. ఆరేండ్లు దేహమును శుష్కింపజేసి, అది మార్గము కాదని విడిచిన బుద్ధభగవానుని కొండపై ఇది జరిగినదన్న తలపు నన్ను మిక్కిలి బాధించును. మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకొను తపస్సును గీత సైతము పదునేడవ అధ్యాయమున తామసమనియే చెప్పినది.

దుఃఖముచేత మెత్తబడి, లోకమునకు చల్లనైనవారు లేరా? ఉన్నారు. బిడ్డను పోగొట్టుకొని ఊరి పిల్లలందరికి తల్లియైన ఇల్లాండ్రు మనకు క్రొత్తవారు కారు. అయితే ఆ దినములలో వారి చెంత ఎవరో నిలిచియుందురు. ప్రాణపు ఇరుసునకు దెబ్బ తగులకుండ ఎవరో చేయి అడ్డుపెట్టియుందురు. ఆ చేయి దొరకక విరిగిపోయినవారిని గూర్చి ఏ ప్రవచనమునను వినము.

కావున, చదువరులారా, దుఃఖమున్న ఇంటికి పోయినపుడు, ఇదియు నీ మంచికే యని పలుకకుడు. అన్నము వండిపెట్టుడు, పిల్లలను బడికి పంపుడు, రాత్రి తోడుండుడు.