మువ్వగోపాల ముద్ర, నెలాఖరు లెక్క

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో కూచిపూడి వస్తుంది. దానికి దగ్గరే మొవ్వ. అక్కడి వేణుగోపాలస్వామిని మువ్వగోపాలుడని పిలుచుకున్న క్షేత్రయ్య 17వ శతాబ్దంలో ఊరు విడిచి మధుర, తంజావూరు, గోల్కొండ కొలువులకు వెళ్లి పదాలు చెప్పారు. ఆదరించిన చోటల్లా రాశారు. మధుర తిరుమల నాయకుడి దగ్గర 2,000, గోల్కొండ పాదుషా దగ్గర 1,500, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర 1,000 అని తన పదంలోనే లెక్క అప్పజెప్పారు. గోల్కొండ పదాలకు పట్టిన కాలం 40 రోజులని ప్రతీతి. మధురభక్తిలో అంతగా మునిగిన మనిషి ఇంత వివరంగా లెక్క చెప్పుకోవడం నాకెంతో ధైర్యాన్నిస్తుంది.

ఎందుకంటే బందరులో, గుడివాడలో ఇంటి దగ్గరే కూర్చుని రాతపనితో బతుకుతున్న పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు, సీరియళ్లకు అనువాదాలు, వెబ్‌సైట్లకు వ్యాసాలు. వాళ్ల మనసులో ఒక సంకోచం ఉంటుంది: రాయడం సరస్వతీ సేవ కదా, నెలకు ఇంత రావాలని లక్ష్యం పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అన్నాన్ని నిందించవద్దని, సమృద్ధిగా సమకూర్చుకోమని తైత్తిరీయోపనిషత్తు వ్రతంగా విధించింది. గుమ్మంలోకి వచ్చినవాళ్లను కాదనకూడదు, అందుకే ఇంట్లో అన్నం నిండుగా ఉండాలి అంటుంది. ఇంట్లోవాళ్లకు, ఇంటికి వచ్చేవాళ్లకు ఎంత కావాలో చూసుకుని ఆదాయం లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

దానికి ముందు రోజుల లెక్క తేలాలి. ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కొలువున్నాడు. కళింగ దండయాత్రలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ‘ఆముక్తమాల్యద’ అవతారికలో రాసుకున్నారు. యుద్ధం నడుమ దేవుడికని పక్కన పెట్టిన రోజున ఆ కావ్యానికి అంకురం పడింది. సైన్యాన్ని నడిపే రాజుకు కుదిరిన ఏకాదశి, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనకు కుదరదా?

కాబట్టి నెలలో 4 ఆదివారాలు, 2 ఏకాదశులు ముందే తీసేయండి. మిగిలేవి 24 రోజులు. ఇంటికి నెలకు 30,000 రూపాయలు కావాలి, మాటకు 50 పైసలు ఇస్తున్నారు అనుకుందాం. 60,000 మాటలు రాయాలి, అంటే రోజుకు 2,500. పని వెతుక్కోవడం, దిద్దుబాట్లు, రావాల్సిన డబ్బు కోసం ఫోన్లు, వీటన్నిటికీ పోను మిగిలిన పొద్దులో రోజూ అన్ని మంచి మాటలు రాయడం కష్టమనే నా నమ్మకం. అప్పుడు చాలామంది ముందుగా కోసుకునేది నిద్రనే. తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ మితంగా ఉన్నవాడికే యోగం సిద్ధిస్తుందని గీత ఆరో అధ్యాయం చెబుతోంది. నిద్ర జోలికి పోవద్దు. ఖర్చు తగ్గించండి, లేదా రేటు పెంచమని అడగండి. రేటు అడగడం దురాశ అనుకుని నోరు మూసుకునే మొహమాటం వల్ల ఇంట్లో పిల్లల ఫీజు ఆగుతుంది, రాత నాణ్యత కూడా పోతుంది.

డబ్బు వచ్చే రోజు సంగతి దివిసీమ శివారు రైతుకు బాగా తెలుసు. పైన కాలవకు నీళ్లు వదిలారని నాగాయలంకలో చేను అదే రోజు తడవదు. నీరు తన చేనికి చేరే రోజును బట్టే రైతు పనులు చూసుకుంటాడు. రాతపని డబ్బూ అంతే, ఈ నెల రాసింది పై నెలలోనో, ఆ పై నెలలోనో చేతికొస్తుంది. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోకుండా ఉన్న ఉద్యోగం మానకండి.

ఇక అసలు మాట. ఎందరు ప్రభువులు ఆదరించినా, ఈ పదం క్షేత్రయ్యదని మనం గుర్తుపట్టేది మువ్వగోపాల ముద్రను బట్టే. కొలువు మారినా ముద్ర మారలేదు. మన రాతలకు చాలాసార్లు పేరే ఉండదు. సబ్బు ప్రకటన కింద ఎవరు సంతకం చేస్తారు? అయినా రాసేముందు ఇది ఇష్టదైవానికి సమర్పిస్తున్నానని ఒక్క క్షణం అనుకోండి. సమర్పించలేని రాత ఏదో అప్పుడే తేలిపోతుంది. రోగం తగ్గించని మందును తగ్గిస్తుందని రాయమంటే ఆ డబ్బు మీ 30,000 లెక్కలోకి రానివ్వకండి. ఆ నెల తక్కువైనా సరే.

20వ తేదీకే లెక్క నిండిన నెల కూడా ఒకటి వస్తుంది. అప్పుడు కొత్త పని ఒప్పుకోవాలనే ఆత్రం పుడుతుంది. ఒప్పుకోకండి. రాబోయే తక్కువ నెలకని దాచిన రెండు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలు. మిగిలిన రోజుల్లో, ఎవరూ అడగకపోయినా మీరు ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నది మొదలుపెట్టండి.