తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నది?



మిట్టేమరిలో మా పెద్దలు పొలమునకు పోవునపుడు ఇంటికి తాళము వేసి, చెవిని పొరుగింట ఇచ్చి పోయేవారు. చెవి పొరుగింట ఉన్నంత మాత్రమున ఇల్లు వారిది కాలేదు. ఎందుకనగా, ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించినది ఇంటివారే.

బెంగళూరులో పని చేయుచున్న మా ఇంటి పిల్లవాని ల్యాప్‌టాప్ చెడిపోగా లోపలి బోర్డు మార్పించినాడు. తెరచి చూడగా అది పొడుగాటి అంకెల వరుస ఒకటి అడిగినది. అది తెలిపితేనే లోపలికి రానిచ్చును. డబ్బు ఇచ్చి కొన్నవాడు అతడే, లోపలి ఫోటోలు అతనివే. అయినను రెండు దినములు వాకిట నిలువబడినాడు. ఆ అంకెలు తన ఖాతాలో దాచబడినవని కూడ అతడెరుగడు.

దీని వెనుక టి.పి.ఎం. అను చిన్న చిప్పు ఉన్నది. 1999లో కాంపాక్, హెచ్.పి., ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కూడి ఈ పని మొదలుపెట్టినవి. కంప్యూటరు లేచునపుడు నడుచు ప్రోగ్రాముల గురుతులను ఈ చిప్పు తనలో ఉంచుకొనును. అవి మారినయెడల డిస్కు తాళపుచెవిని బయటకు ఇయ్యదు. దానిలోని అసలు రహస్య సంఖ్యను యజమానుడు కూడ చదువలేడు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 ఈ చిప్పు రెండవ తరమును తప్పనిసరి చేసినది. విండోస్ 10కి మామూలు సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసెను. బాగుగా నడుచుచున్న ఎన్నో యంత్రములు ఆ విధముగా ముసలివాయెను!

రిచర్డ్ స్టాల్‌మన్ 2002లోనే దీనిని నమ్మకద్రోహపు కంప్యూటింగ్ అని పిలిచినాడు. మేము అంత దూరము పోము. ల్యాప్‌టాప్ బస్సులో పోయినయెడల దొంగకు మన కాగితములు దొరకకుండ కాపాడునది ఈ చిప్పే. లినక్సు వాడువారు దానిని తమ సొంత నియమములతోనే వాడుకొనుచున్నారు.

మరియొక సంగతి. రేషను అంగడిలో మనము వ్రేలు పెట్టు యంత్రము, ఆ ముద్రను తనలోనే గూఢలిపిగా మార్చి పంపవలెనని నియమము. అంగడివాడు దానిని దాచుకొనరాదు. అక్కడ యంత్రము, దానిని చేతబట్టినవాని మాట వినకపోవుటయే మనకు మేలు. కనుక యంత్రము యజమానునికి లోబడవలెనని ఊరకనే చెప్పిన చాలదు. వ్రేలు ఎవరిదో చూడవలెను. ల్యాప్‌టాప్ విషయములో వ్రేలు, సొమ్ము, ఫోటోలు అన్నియు ఒక్కనివే. అట్టివాని వాకిటికి నియమము వ్రాయువారు అతనిని ఒక మాట అడుగవలదా? కొన్ననాడు తెరమీద ఏదో నొక్కినాడు, నిజమే. చదువకుండ నొక్కినదానిని సమ్మతి అనుటకు మాకు మనసొప్పదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఆ అంకెలను రెండు కాగితములమీద వ్రాసినాడు. ఒకటి ఊరిలోని తల్లికి ఇచ్చినాడు. ఆయమ్మ అదేమని అడుగక, రేషను కార్డు కవరులో పెట్టుకొన్నది.