రథము మారినను

2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథము అగ్నికాహుతియై కోనసీమనంతను శోకమున ముంచెను. నూతనదారువుతో నిర్మితమైన రథము 2021 ఫిబ్రవరి ఉత్సవములకు వీధికెక్కగా, భక్తులు వెనుకటి భక్తితోనే మ్రొక్కి, వెనుకటి పేరుతోనే పిలిచి, మోకులు పట్టి లాగిరి. దారువు మారినది, శిల్పులు మారిరి, మారనిదేది?

ఈ ప్రశ్న దేవాలయమునకే పరిమితము గాదు. మొదటి ప్రపంచయుద్ధమునాటి డీహెచ్-9ఏ యను జంటరెక్కల విమానము కాలక్రమమున జీర్ణింపగా, దాని విడిభాగములు గిడ్డంగులలో విస్తారముగా మిగిలియుండుటచేత, రాబోవు విమానము వానిని వినియోగించుకొనవలెనని బ్రిటిషు వైమానికశాఖ కోరెను. తదనుసారముగా వెస్ట్‌లాండ్ సంస్థ నిర్మించిన వాపిటీ 1927 మార్చిలో తొలిసారి యెగిరెను: రెక్కలు పాతవి, దేహము క్రొత్తది. తొలిరూపమున దేహపు వెనుకభాగము కొయ్య. రెండవరూపమున అస్థిపంజరమంతయు లోహము. అయిదవరూపమున, భూసైన్యముతో కలిసి పనిచేయుటకై, దేహము దీర్ఘమయ్యెను. పిదప జూపిటర్ ఇంజను స్థానమున పెగాసస్ చేరి, పేరే వాలెస్‌గా మారెను. తొలి వాలెస్‌లు కొన్ని పాత వాపిటీలను తిరిగి కట్టినవే.

అవయవము మారినంతనే పాత అవయవి నశించి వేరొకటి పుట్టెనని నైయాయికుడనును. చక్రమును, ఇరుసును, నొగలను విడదీసి చూచిన రథమనునది వ్యవహారనామము మాత్రమేయని బౌద్ధభిక్షువగు నాగసేనుడు మిళిందరాజునకు బోధించెను. అద్వైతి నామరూపములను వ్యవహారమున అంగీకరించి, పరమార్థమున నిరాకరించును. మువ్వురి మాటయు ఆదరణీయమే. కాని పాతపేరును క్రొత్తవస్తువునకు అందించు శక్తి యేది? అది సంకల్పమేయని నా దృఢవిశ్వాసము. స్వామిని ఊరేగింపవలెనను సంకల్పము దగ్ధము కాలేదు గనుకనే అంతర్వేది రథము నిలిచినది. ఆకసమునుండి శత్రువును కనిపెట్టవలెనను సంకల్పము ఇంజను నుండి ఇంజనుకు సంక్రమించినది గనుకనే ఆ విమానవంశము నిలిచినది.

దీనికి విపర్యయమును పరికింపవలెను. దేహము మారకున్నను సంకల్పము మారినచో కార్యము మారును. వాయవ్య సరిహద్దు కొండపల్లెలపై బాంబులు వేసిన వాపిటీలే, 1933 ఏప్రిల్ 1న కరాచీలో మన వైమానికదళపు మొదటి స్క్వాడ్రన్‌కు తొలి విమానములై, రెండవ ప్రపంచయుద్ధారంభమున మన తీరమును కాచు దళములకును ఉపకరించెను. వాలెస్‌కు మూలమైన విమానమో, రెండు దినముల పిమ్మట, ఏప్రిల్ 3న, ఛాయాచిత్రములకై ఎవరెస్టు శిఖరముపై యెగిరెను.

కావున పుణ్యపాపములు కొయ్యకును లోహమునకును అంటవు, సంకల్పించినవానికే అంటును. పాత యంత్రము తుక్కయినంతమాత్రమున అది చేసిన హింసకు బాధ్యత తుక్కు కాదు. పూర్వుల రథమునకు వారసులమని గర్వించు మనము, పూర్వుల ఆయుధములకు వారసులము కామని తప్పించుకొనజాలము. పేరును స్వీకరించినవాడు దాని ఋణమును స్వీకరింపవలసినదే. క్రొత్త నమూనాను నిర్మించు ప్రతితరమును, ఏ భాగమును మార్పవలెనని యోచించుటకు ముందు, ఏ సంకల్పమును కొనసాగించుచున్నామని తన్ను తాను ప్రశ్నించుకొనుట ధర్మము.