అరగంట అధికారం

ఇంగ్లండ్, వేల్స్ వీధుల్లో గస్తీ తిరిగేవాళ్లలో కొందరి టోపీకి నలుపు తెలుపు గళ్ల పట్టీ, కొందరి టోపీకి నీలం పట్టీ ఉంటాయి. గళ్ల పట్టీ వాళ్లు కానిస్టేబుళ్లు. నీలం పట్టీ వాళ్లు 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టంతో వచ్చిన కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు. దారిన పోయేవాళ్లకు అందరూ పోలీసులే.

కానిస్టేబుల్ ప్రమాణం చేసి కొలువులో చేరతాడు. నిష్పక్షపాతంగా ఉంటాననీ, మానవ హక్కులను కాపాడతాననీ, అందరినీ సమానంగా గౌరవిస్తాననీ ఆ ప్రమాణం. చట్టం అతన్ని ఉద్యోగిగా కాక రాజ్యం తరఫున పదవిలో ఉన్నవాడిగా చూస్తుంది. అనుమానంతో ఎవరినైనా అరెస్టు చేస్తే, పైవాళ్లు చెప్పారు కాబట్టి చేశానంటే చెల్లదు. అనుమానం తన మనసులోనే పుట్టాలి, దానికి తగిన కారణమూ ఉండాలి. అంత అధికారం ఇచ్చిన సమాజం అతని దగ్గర తీసుకున్నదీ ఉంది. 1918, 1919ల్లో పోలీసులు సమ్మెకు దిగాక, కార్మిక సంఘంలో చేరే హక్కు వాళ్లకు లేకుండా చట్టం చేశారు. సపోర్ట్ ఆఫీసరుకు ఆ హక్కు ఉంది. ఎందుకంటే ఆ మనిషి ఉద్యోగి. చేతిలో ఉన్న అధికారాలన్నీ చీఫ్ కానిస్టేబుల్ రాసిచ్చినవే. ఒక మనిషికి బలప్రయోగ అధికారం పెద్ద ఎత్తున అప్పగించాలంటే, ఆ మనిషిలోని పౌరుణ్ణి కొంత తగ్గించక తప్పదా? ఈ ప్రశ్న నన్ను వదలదు.

సపోర్ట్ ఆఫీసరుకు పోలీసు అరెస్టు అధికారం లేదు. పేరూ చిరునామా చెప్పనంటే, ఆ అధికారం రాసిచ్చిన చోట, కానిస్టేబుల్ వచ్చేదాకా అరగంట వరకు ఆగమనవచ్చు. ఆగకుండా వెళ్లిపోవడం నేరమే. కానీ ఆ అరగంటలో ఎదుటివాణ్ణి నిలబెట్టేది చాలాసార్లు చట్టం కాదనుకుంటాను. ఫలానా వీధిలో రోజూ తిరిగే మనిషి, మా అమ్మను పేరుపెట్టి పలకరించే మనిషి అడుగుతున్నారన్న ఎరుక. ఆజ్ఞాపించలేనివాళ్లు అడగడం నేర్చుకుంటారు, వినడమూ నేర్చుకుంటారు. బేడీలు చేతిలో ఉన్నవాళ్లకు ఆ విద్య అంత అవసరంగా తోచకపోవచ్చు.

అలాగని దీన్ని ఆదర్శంగా చూపి ఊరుకోలేను. ఎదురుగా కత్తి మెరిసినప్పుడు మాట మంచితనం ఒక్కటే చాలదు. అధికారం తక్కువిచ్చి, యూనిఫాం తొడిగి, ప్రమాదం ముందు నిలబెట్టడం న్యాయమేనా? సపోర్ట్ ఆఫీసర్లను ప్లాస్టిక్ పోలీసులని వెక్కిరించేవాళ్లు ఆ న్యాయం గురించి అడగరు. 2010లో 16,000 దాటిన ఈ ఆఫీసర్ల సంఖ్య, పొదుపు పేరిట నిధులు కోసేసిన ఏళ్లలో బాగా పడిపోయింది. ఎన్ని అరెస్టులు జరిగాయో లెక్క తీయవచ్చు. ఒక కుర్రాడు తప్పుదారి పట్టకముందే ఎవరో ఆపి మాట్లాడారన్నది ఏ పద్దులో రాస్తారు? 2017లో వచ్చిన మరో చట్టం వీళ్లకు మరిన్ని అధికారాలు రాసివ్వడానికి వీలు కల్పించింది. అది మంచిదో కాదో తేల్చేముందు, వీధిలో నిలబడి మాట్లాడే తీరిక వాళ్లకు మిగులుతుందా అని అడగాలి.